తోడికోడలు పాడుతుంటే నాకు కడుపు మండుతోంది, ఏం చేయాలి?

తెనాలి అక్క:
వందనాలండీ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా సంఘంలో పాట ఎత్తేది నేనే. ఇప్పుడు మా మరిది భార్య వచ్చింది. కీబోర్డు తమ్ముడు స్కేల్ కాస్త పెంచాడంటే నా గొంతు పై స్వరాల దగ్గర కీచుమంటుంది. ఆ పిల్ల మాత్రం అక్కడే నిలబడి గమకం వేస్తుంది. ఈ క్రిస్మస్‌కి సోలో ఆమెకే ఇచ్చారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ నా భుజం తట్టి "నీ గొంతూ బాగానే ఉంటుందిలే అమ్మా" అంది. ఆ "లే" వల్ల మధ్యాహ్నం అన్నం సహించలేదు.

ఆ పిల్ల చెడ్డదైతే బాధ లేకపోను. "అక్కా, ఈ చరణం ఎలా ఎత్తాలి?" అని నన్నే అడుగుతుంది. ప్రార్థన చేస్తున్నాను, పోవట్లేదు. దేవుడు నాకు ఇంతే ఇచ్చాడని ఒప్పుకోవడం ఎలా?

యోనా తాతయ్య:
అమ్మాయ్, సమూయేలు మొదటి గ్రంథం 16, 18 అధ్యాయాలు కలిపి చదువు. దురాత్మ పట్టినప్పుడల్లా సౌలు రాజుకి నెమ్మది ఇచ్చింది దావీదు సితారానే. సౌలు చంపింది వేలమందిని, దావీదు చంపింది పదివేలమందిని అని స్త్రీలు పాడాక అదే సితారా వాయిస్తున్నవాడి మీదికి ఈటె విసిరాడు. అందరూ సౌలు దగ్గరే ఆగిపోతారు. సౌలు కొడుకు యోనాతానును చూడు. దావీదు వల్ల రాజ్యం చేజారేది అతనికే కదా! అయినా పైవస్త్రం, కత్తి, విల్లు, నడికట్టు విప్పి ఇచ్చేశాడు. తన విల్లు తనకు తెలిసినవాడు గనుక ఇవ్వగలిగాడని నాకనిపిస్తుంది.

గుంటూరు ఆల్టో:
అక్కా, ఇందులో ఆధ్యాత్మికం సగమే. మీది కింది గొంతు, అంతే. పై స్థాయి కోసం గొంతు చించుకుంటే ఉన్నదీ పోతుంది. సెకండ్స్ పాడండి, అంటే అసలు వరసకి తోడుగా కింద సాగే వరస. మా క్వయర్‌లో ఫస్ట్స్, అంటే పై వరస, పాడేవాళ్ళు బోలెడుమంది, సెకండ్స్ తప్పకుండా పట్టేవాళ్ళు దొరకరు.

ఒంగోలు బిడ్డ:
నేను కాస్త వేరుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ప్రతిదీ "దేవుడు ఇవ్వలేదు" అనేయకండి. సాధన చేయక రానిది వేరు, చేసినా రానిది వేరు. ముందు ఏది ఏదో తేల్చుకోండి. రెండోదానికే ఒప్పుకోలు.

తెనాలి అక్క:
తాతయ్యగారూ, చదివాను. యోనాతాను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒంగోలు చెల్లీ, సాధన చేశాను తల్లీ, హార్మోనియం ముందు కూర్చుని ఏళ్ళ తరబడి. పై స్వరాలు రాలేదు, ఇక రావు. ఇలా రాయడం మాత్రం ఇదే మొదలు.

నాకు వచ్చిందల్లా పాత కీర్తనల వరసలు. పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి గానీ, మా సంఘంలో వాటిని ఎత్తేవాళ్ళు ఒకరిద్దరు ముసలమ్మలు, నేను. తోడికోడలికి అవి రావు. మూడో చరణం వచ్చేసరికి మాటలు కూడా మరచి నా వంక చూస్తుంది. అందించకుండా ఊరుకుందామా అని ఒకసారి అనిపించింది, అయినా అందించాను. సోమవారం నుంచి ఆ వరసలు నేర్పుతానన్నాను. మంట తగ్గిందా అంటే, ఆదివారం దాకా ఆగి చెబుతాను.

గుంటూరు చెల్లీ, సెకండ్స్ నేర్చుకోవాలంటే ఫస్ట్స్ వాళ్ళ పక్కన నిలబడి మన వరస జారిపోకుండా ఎలా పట్టుకుంటారు? చెవి మూసుకోవాలా?