హైలక్స్ ఇక్కడ ఎందుకు దొరకదంటే

తమ్ముడూ, మన వరంగల్ వైపు నర్సంపేట నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే పికప్ లాంటి బండి ఇక్కడ అమెరికాలో కావాలని, టయోటా హైలక్స్ కోసం షోరూములన్నీ తిరిగానని రాశారు. అమెరికాలో దాన్ని ఏ షోరూములోనూ అమ్మరు. బయటి దేశం నుంచి తెప్పిస్తానన్న దళారికి మాత్రం దయచేసి బయానా పంపకండి.

దీని మూలం ఒక కోళ్ల తగాదాలో ఉంది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ అమెరికా కోడిమాంసంపై సుంకం పెంచినందుకు బదులుగా, 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప గంజిపొడి, డెక్స్‌ట్రిన్ (గంజిపొడి నుంచి చేసే జిగురు పదార్థం), బ్రాందీలతో పాటు తేలికపాటి ట్రక్కులపైనా 25 శాతం సుంకం విధించారు. మిగతావాటిపై అది పోయింది, ట్రక్కులపై నిలిచిపోయింది. కార్లపై చాలాకాలం 2.5 శాతమే ఉండేదంటే తేడా ఎంతో చూడండి. ఆ భారంతో హైలక్స్‌ను ఓడల్లో దించే బదులు టయోటా 1995లో ఈ మార్కెట్ కోసం టకోమా అనే పికప్‌ను తెచ్చింది. ఇప్పుడు దాన్ని మెక్సికోలో తయారు చేస్తోంది. ఫోర్డ్ అయితే టర్కీలో చేసిన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనుక సీట్లతో ప్రయాణికుల బండ్లుగా దించి, తరువాత ఆ సీట్లు పీకించి సరుకు బండ్లుగా అమ్మింది. 2019లో అప్పీలు కోర్టు దాన్ని ఒప్పుకోలేదు, 2024లో ఆ కంపెనీ 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది.

సుంకం కట్టినంత మాత్రాన పని అయిపోదు. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారైనట్టు తెలిపే చీటీ డ్రైవరు తలుపు తీస్తే తలుపు అంచునో, తలుపు చట్రం మీదో అతికించి ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో ఆ చీటీ సంగతి తెలియక ఒక దళారికి బయానా ఇచ్చాను. బండి రేవులోనే ఆగిపోయింది, తిప్పి పంపే ఖర్చూ నా మీదే పడింది. తయారైన నెల నుంచి 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు వస్తుంది గానీ, ట్రక్కు సుంకం అప్పుడూ తప్పదు.

మీ అవసరానికి ఒకరు వాడిన టకోమా చాలు. చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లే రాష్ట్రంలో తిరిగిన బండి అయితే చాసిస్ తుప్పు పట్టి ఉండవచ్చు కనుక, చూడటానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు తీసుకెళ్లి, బండి కిందికి దూరి చివరిదాకా చూడండి.