21 రోజుల ఉపవాసం మధ్యలో ఆగిపోతే ప్రార్థన కూడా ఆగిపోతుందా?

ఆవగింజ:
అందరికీ వందనాలు. మా మందిరంలో 21 రోజుల ఉపవాస కూడికలు జరుగుతున్నాయి. మా అమ్మకు 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. తమ్ముడికి ఉద్యోగం రావాలని తీర్మానం చేసుకుని పేరు ఇచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం ఆరింటి దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. షుగర్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే వేసుకుంటోంది. తొమ్మిదో రోజు మోకాళ్ల మీద ఉన్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమట, వేళ్లు వణుకుతున్నాయి. మందిరం పక్కింట్లో పంచదార అడిగి, నీళ్లలో కలిపి తాగించాను. తేరుకున్నాక అమ్మ అడిగిన మొదటి మాట, "ఉపవాసం పోయిందా?" అని.

మా పాస్టర్ గారు మంచివారే. కానీ, "మధ్యలో ఆపితే జవాబు కూడా మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టమ్మా" అన్నారు. అమ్మ అదే పట్టుకుని కూర్చుంది. కృప ఉచితం అని సండే స్కూల్లో నేర్చుకున్నాం. ఉచితంగా వచ్చింది పంచదార నీళ్లతో పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చిన్న మంద:
అమ్మగారి కోసం ప్రార్థిస్తున్నాం సిస్టర్.

కొండమీది దీపం:
సిస్టర్, అమ్మగారు కోలుకున్నందుకు దేవునికి స్తోత్రం. కానీ మీ పాస్టర్ గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. దేవునికి మొక్కుకుంటే చెల్లించడానికి ఆలస్యం చేయొద్దని ప్రసంగి 5వ అధ్యాయంలో ఉంది. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని కూడా అక్కడే ఉంది. ఎస్తేరు మూడు రోజులు అన్నం, నీళ్లు రెండూ మానేసింది. నీనెవెలో పశువులకు కూడా మేత పెట్టలేదు. ఈ రోజుల్లో ఉపవాసం అంటే పొద్దున టిఫిన్ మానేసి పదకొండింటికి టీ తాగడం. టీలో పాలున్నాయి, పంచదార ఉంది. అది ఆహారం కాకపోతే మరేమిటి? నేను 19 ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నాను. ఒక్క గుక్క టీ కూడా తాగను. దేవునితో తీర్మానం చేసుకున్నాక తేలిగ్గా తీసుకోకూడదు.

గుండ్లకమ్మ:
బ్రదర్, ఆవిడ టీ గురించి అడగలేదు. స్పృహ తప్పి పడిపోయిన మనిషి గురించి అడిగారు.

21 రోజులు అనే లెక్క దానియేలు 10వ అధ్యాయం నుంచి వచ్చింది. అదే అధ్యాయం మొత్తం చదవండి. దానియేలు ఆ మూడు వారాలు అన్నం మానేయలేదు. రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు, నూనె రాసుకోలేదు, అంతే. అసలు సంగతి 12వ వచనంలో ఉంది. నీవు మనస్సు పెట్టిన మొదటి రోజునే నీ మాటలు వినబడ్డాయని దూత చెప్పాడు. మొదటి రోజునే! దూతకు దారిలో అడ్డం పడింది పారసీక రాజ్యాధిపతి. దానియేలు ఉపవాసంలో లోటు ఉందని దూత ఒక్క మాట అనలేదు. ఆవగింజ సిస్టర్, మీ అమ్మగారి ప్రార్థన ఆవిడ పేరు ఇచ్చిన రోజే దేవుడు విన్నాడు. అమ్మకు ఆ వచనం చదివి వినిపించండి.

వేకువ చుక్క:
పాలు లేని టీ అయితే పర్వాలేదా? మా దగ్గర బ్లాక్ టీ తాగుతారు.

కొండమీది దీపం:
వేకువ చుక్క గారూ, పాలున్నా లేకపోయినా టీ టీయే.

గుండ్లకమ్మ గారూ, దానియేలు అన్నం తిన్నాడు కాబట్టి మనమూ తిందాం అంటారా? మత్తయి 17:21 చూడండి. ఈ విధమైన దయ్యం ప్రార్థన వలన, ఉపవాసం వలన తప్ప వదిలిపోదు. ప్రభువు నోటి మాట అది.

గుండ్లకమ్మ:
ఆ వచనం పాత చేతివ్రాత ప్రతుల్లో కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు. మన బైబిల్లో అడుగున ఇచ్చిన గమనికలు కూడా చదవాలి. మార్కు 9:29లో కూడా ఉపవాసం అన్న మాట దగ్గర ఇలాంటి తేడానే ఉంది. నేను ఉపవాసం వద్దనడం లేదు. అంతియొకయ సంఘం ఉపవాసం ఉన్నాకే పౌలును, బర్నబాను సేవకు పంపింది. ఉపవాసం మనల్ని దేవుని ముందు కూర్చోబెడుతుంది. దేవుణ్ణి మన ముందు కూర్చోబెట్టడానికి అది పనికిరాదు. నేను చెప్పేది అంతే.

నైటు డ్యూటీ:
నేను స్టాఫ్ నర్సుని. వాక్యం సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను షుగర్ సంగతి చెబుతాను. కొన్ని షుగర్ మాత్రలు వేసుకుని తినకపోతే లో షుగర్ వస్తుంది. రీడింగ్ 70 కంటే తగ్గితే ప్రమాదమే. చల్లటి చెమట, వణుకు, తికమక దాని గుర్తులు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వడం మంచి పనే, మీరు సరిగ్గానే చేశారు. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. డాక్టరుకు చెప్పకుండా మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టనివ్వకండి సిస్టర్. చేతులు జోడించి అడుగుతున్నాను.

కువైట్ నుండి:
అందరికీ వందనాలు. నేను కడప వైపు మనిషిని. ఇక్కడ ఒక ఇంట్లో పని చేస్తున్నాను, ఏడో ఏడు. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పన్నెండు. ఉపవాసం ఉంటే పని చేయలేను, కళ్లు తిరుగుతాయి. మందిరానికి నెలకు ఒక్కసారి పంపితే ఎక్కువ. మోకరించడానికి నాకంటూ గది లేదు, వంటగది పక్కన పరుపు వేసుకుంటాను. ఇస్త్రీ చేసేటప్పుడు ప్రార్థన చేసుకుంటాను. ఒక్కో చొక్కాకు ఒక్కో పేరు. మొదటి చొక్కా పెద్దమ్మాయికి, రెండోది చిన్నదానికి, తర్వాత మా అత్తకు. ఆవిరి పైకి లేస్తుంటే "తండ్రీ, చూస్తున్నావు కదా" అంటాను. ఉపవాసం ఉన్నవాళ్ల ప్రార్థనే వింటాడంటే నాలాంటి దాని సంగతి ఏంటని భయమేసింది, అందుకే రాశాను.

ఆవగింజ:
అక్కా, మీ మాట చదివి ఏడుపొచ్చింది.

కొండమీది దీపం:
కువైట్ సిస్టర్, వీలు లేనివాళ్ల సంగతి వేరు. దేవుడు మీ పరిస్థితి ఎరుగును. నేను చెప్పేది వీలుండి, మాటిచ్చి, మధ్యలో జారిపోయేవాళ్ల గురించి. ఒకసారి మినహాయింపు ఇస్తే రెండోసారి అడుగుతాం. చివరికి టీ, తర్వాత బిస్కెట్, తర్వాత ఇడ్లీ. పెద్దల కాలంలో ఇలా లేదు.

గుండ్లకమ్మ:
పెద్దల కాలం అన్నారు కాబట్టి చెబుతాను. మాది ఒంగోలు వైపు. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. ఆ ఐదుగురిలో ఎవరి భక్తిలో లోపం ఉందని పన్నెండేళ్లు ఆలస్యమైంది?

1876 నుంచి 78 దాకా కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించారు. కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం దేవుని దగ్గరకు వచ్చారన్న మాట రాకూడదని. అది తీరాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత వాళ్ల తరం అది, నా పేరు అందుకే పెట్టుకున్నాను. కూటికి, కృపకు ముడిపెట్టొద్దని ఆయన అంత జాగ్రత్త పడ్డారు. మనం కూడు మానేస్తేనే కృప వస్తుందని అదే ముడి తిరగేసి వేస్తున్నాం.

కొండమీది దీపం:
ఆ ఐదుగురు టీ తాగి కొండెక్కారా? చరిత్ర చెప్పి మాట దాటేయకండి. నేను అడిగింది ఒక్కటే. మాటిచ్చి తప్పితే దేవుడు పట్టించుకుంటాడా, పట్టించుకోడా?

గుండ్లకమ్మ:
మళ్లీ టీయేనా బ్రదర్? మీరు చెప్పే దేవుడు హాజరు పట్టీ రాసే గుమాస్తాలా ఉన్నాడు. నాకు తెలిసిన దేవుడు తండ్రి.

నేనెందుకు ఇంత గట్టిగా మాట్లాడుతున్నానో కూడా చెబుతాను. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు పిల్లల్లేరు. నా భార్య మూడుసార్లు 21 రోజులు ఉంది, ఒకసారి 40 రోజులు. అప్పుడు మేం వెళ్లే చోట ఒక సేవకుడు కూడికలో అందరి ముందు ఆమెను లేచి నిలబడమని, "దాచిన పాపం ఏదో ఉందమ్మా, ఒప్పుకో" అన్నాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏం ఒప్పుకోవాలో తెలియక, చిన్నప్పుడు పక్కింటి చెట్టు జామకాయలు కోసిన సంగతి చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. మీలాంటి వాళ్ల మాటలకే మనుషులు దేవునికి దూరమవుతున్నారు.

వేకువ చుక్క:
అయ్యో బ్రదర్.

చిన్న మంద:
పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. యోహాను 9.

కొండమీది దీపం:
మీ భార్యకు జరిగింది తప్పు. ఆ మనిషి చేసింది తప్పే. కానీ "మీలాంటి వాళ్లు" అన్నారు. నేను ఎవరినీ నిలబెట్టలేదు.

19 ఏళ్లు అని రాశాను కదా, ఎందుకో ఎవరూ అడగలేదు. మా బాబుకు ఆరేళ్లు. జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాం, ఆరోగ్యం రోజురోజుకీ పడిపోతోంది. నేను 21 రోజులు తీర్మానం చేసుకున్నాను. పద్నాలుగో రోజు రాత్రి రెండింటికి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే మా బావమరిది పేపర్ గ్లాసులో టీ తెచ్చి చేతిలో పెట్టాడు. తాగాను. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. నాలుగున్నరకు లోపలికి పిలిచారు. సమాధి దగ్గర ఒక పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "ఎన్నో రోజున ఆపావయ్యా?" అని అడిగాడు.

ఇప్పుడు చెప్పండి, నేను టీ గురించే ఎందుకు మాట్లాడుతున్నానో.

కువైట్ నుండి:
అన్నా…

గుండ్లకమ్మ:
అన్నా, నన్ను క్షమించు. తెలియక నోరు జారాను.

నీకు వాక్యం చెప్పే అర్హత నాకు లేదు, అయినా ఒక్కటి అడుగుతాను. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు ఏమీ తినకుండా నేల మీద పడి ఉన్నాడు. ఏడో రోజున బిడ్డ పోయాడు. అది ఉపవాసంలో లోటు వల్ల కాదు కదా?

కొండమీది దీపం:
రెండో సమూయేలు 12. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో నాకే లెక్క లేదు. దావీదు చివరి దాకా ఉన్నాడు తమ్ముడూ. నేను ఉండలేదు. ఉండి ఉంటే ఏమయ్యేదో నాకెవరు చెబుతారు?

ఇంకో మాట. ఇది మా ఇంట్లో కూడా ఎప్పుడూ అనలేదు. తప్పు నాదే అనుకుంటే ఒక దారి ఉంది. శుక్రవారం శుక్రవారం తీర్చుకుంటూ పోవచ్చు. తప్పు నాది కాదంటే, ఆయన ఊరికే తీసుకుపోయాడనాలి. అప్పుడు నేను ఆయన మొహం ఎలా చూడను? మీరు కృప ఉచితం అంటున్నారు. నాకు ఆ మాట వింటే భయమేస్తుంది.

నైటు డ్యూటీ:
ఐసీయూ బయట రాత్రి రెండింటికి టీ తాగిన తండ్రులను రోజూ చూస్తాను సార్. మేమే ఇప్పిస్తాం ఒక్కోసారి, పడిపోతారని. లోపలున్న పిల్లల్లో కొందరు బతికారు, కొందరు పోయారు. ఏ ఒక్కరికీ ఆ టీతో సంబంధం లేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

కువైట్ నుండి:
అన్నా, నాకు చదువు తక్కువ. కోపమొస్తే ఆయనతోనే చెప్పు. మా అమ్మ పోయినప్పుడు టికెట్ దొరకక ఇక్కడే ఉండిపోయాను. ఆ రాత్రి వంటగదిలో నేల మీద కూర్చుని నోటికొచ్చినట్టు అన్నాను ఆయన్ని. తెల్లారి లేచి మళ్లీ "తండ్రీ" అనే అన్నాను. ఏమీ అనలేదు నన్ను. దావీదు కూడా కీర్తనల్లో ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని అడుగుతాడు కదా. మనింట్లో వాళ్లతోనే కదా అన్నా అలా మాట్లాడేది. పరాయివాళ్లతో మాట్లాడతామా?

గుండ్లకమ్మ:
నాకు ఇంతకంటే చెప్పడం చేతకాదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగితే ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అన్న మాట వచ్చింది. ఆ మాట నాకు కూడా చాలా ఏళ్లు సరిపోలేదన్నా. ఇప్పటికీ కొన్ని రోజులు సరిపోదు. నీ శుక్రవారాలు ఆపమని నేను అడగను. అవి బాకీ తీర్చడానికి కాకుండా ఉంటే బాగుండును అనిపిస్తోంది.

కొండమీది దీపం:
ఆలోచిస్తాను. ఒప్పుకున్నానని కాదు.

ఆవగింజ:
రాత్రి అమ్మకు ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించాను. దానియేలు వచనం దగ్గర "మళ్లీ చదువు" అంది. దీపం అన్న రాసింది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలు తిని, వేకువ ప్రార్థనకు వెళ్లింది. పాస్టర్ గారికి డాక్టరు మాట తనే చెబుతానంది. బైబిల్లో పెట్టుకునే ప్రార్థన చీటీలో తమ్ముడి పేరు కింద ఒక గీత గీసి, "ఆ టీ తాగిన తండ్రి పేరు అడుగు, రాసుకుంటాను" అంది.

కొండమీది దీపం:
పేరు మీకు విడిగా పంపాను తల్లీ. బాబు పేరు కూడా పంపాను. అమ్మగారి రీడింగ్ ఎంత ఉంది ఇప్పుడు?

ఆవగింజ:
తిన్నాక 146 అన్నయ్యా.