బ్రాడీపేట పాత ఫ్లాటా, గోరంట్ల కొత్త ఫ్లాటా?

కొనబోయేవారు:
నాన్నగారు రిటైరయ్యారు. అమ్మానాన్నలకు గుంటూరులో ఫ్లాటు కొనాలి. అదే డబ్బుకి ఊరి మధ్య బ్రాడీపేటలో ఇరవై ఏళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్, ఊరి చివర అమరావతి రోడ్డు వైపున్న గోరంట్లలో అయితే కొత్త ట్రిపుల్ బెడ్‌రూమ్ వస్తున్నాయి. ఏది మేలంటారు?

గోరంట్ల వాసి:
గోరంట్లే తీసుకోండి. గాలీ వెలుతురూ బాగుంటాయి, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి రేటు పెరిగేది ఇటువైపే.

బ్రాడీపేట వాసి:
రేటు మాట ఒప్పుకోలేనండీ. గోరంట్ల 2012లో కార్పొరేషన్‌లో కలిసిన ఊరు. 2014 తర్వాత రాజధాని పేరుతో అక్కడ ధరలు లేచాయి. 2019 చివర్లో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. మా బావగారు అమరావతి రోడ్డు పక్కనున్న ఫ్లాటు అమ్ముదామని ఆ రోజుల్లో రెండేళ్లు తిరిగారు. కూతురి పెళ్లికి అది అక్కరకు రాలేదు. రాజధాని వార్తల మీద ఆధారపడిన ధర పెద్దవాళ్లకు ఎందుకండీ టెన్షన్?

ఇంకొకటి, దస్తావేజులో అన్‌డివైడెడ్ షేర్, అంటే భవనం ఉన్న స్థలంలో మీ వాటా, ఎన్ని గజాలో చూడండి. 600 గజాల్లో 15 ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 40 గజాలు. అదే స్థలంలో 30 కడితే 20 గజాలే. భవనం పాతబడుతుంది, విలువ నిలిచేది ఆ నేలకే. పాతదైతే శ్లాబు కారుతోందా, బ్యాంకు లోన్ ఇస్తుందా అన్నవి ముందే కనుక్కోండి.

ఇక బతుకు సంగతి. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మా అమ్మ చూపు మందగించాక కూడా ఆ లెక్క పట్టుకునే ఒంటరిగా మందుల షాపుకి వెళ్లి వచ్చేది. దారిలో నలుగురు పలకరించేవారు. కారు ఎక్కితే తప్ప గడప దాటలేని చోట ఆమె అలా ఉండగలిగేది కాదు.

రైలు పట్టాల మీదున్న శంకర్ విలాస్ బ్రిడ్జి తీసేసి కొత్తది కడుతున్నారు కాబట్టి, ప్రస్తుతం ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) వైపు వెళ్లాలంటే చుట్టు తిరగాల్సిందే. ఆ ఇబ్బంది నిజమే.

గోరంట్ల వాసి:
మా నాన్నగారికి ఆయాసం. ఊరి మధ్య దుమ్ముకి, హారన్లకి రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఇక్కడికొచ్చాకే మేడ మీద పడుకుని హాయిగా నిద్రపోతున్నారు. అందరి ఆరోగ్యమూ ఒకలా ఉండదు కదండీ.

కొనబోయేవారు:
మా నాన్నగారికి ఆయాసం లేదు కానీ, అమ్మకు మోకాళ్ల నొప్పులు. బ్రాడీపేట ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అదే వీధిలో కింది అంతస్తులో ఏదైనా ఉందేమో ఆదివారం ఇద్దర్నీ తీసుకెళ్లి చూస్తాను.