ప్రతి సర్వీసుకీ రీస్టార్ట్=ఆల్వేస్ పెట్టేయడమేనా?

రాత్రిడ్యూటీ: ఉబుంటు 22.04. సర్వీసుల్ని లేపి ఆపే సిస్టమ్‌డీకి పైథాన్ వర్కర్ (వెనక జాబులు చేసే ప్రోగ్రాం) గురించి చెప్పే యూనిట్ ఫైల్లో రీస్టార్ట్=ఆల్వేస్ (చస్తే ఎప్పుడూ మళ్ళీ లేపు) ఉంది, రీస్టార్ట్ గురించి ఇంకో లైను లేదు. డేటాబేస్ రెండు నిమిషాలు ఆగి తిరిగొచ్చింది, వర్కర్ మాత్రం లేవలేదు. స్టేటస్‌లో ‘స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ’ అంటోంది. ఆల్వేస్ అంటే ఎప్పుడూ అని కాదా?

గోదారి_అడ్మిన్: ఎప్పుడూనే, కానీ దానికో గేటుంది. రీస్టార్ట్‌సెక్ (మళ్ళీ లేపేముందు ఆగే సమయం) రాయకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లే ఆగి మళ్ళీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేపాక ఇక లేపదు. డేటాబేస్ లేక వర్కర్ పుట్టగానే చస్తోంది కాబట్టి ఆ ఐదూ చిటికెలో అయిపోయాయి. సర్వీస్ భాగంలో రీస్టార్ట్‌సెక్=5 రాయండి, 10 సెకన్లలో ఐదు దాటే ప్రసక్తే ఉండదు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ (సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే కమాండు)తో డీమన్-రీలోడ్, రీసెట్-ఫెయిల్డ్, స్టార్ట్. ఆల్వేస్ మాత్రం తియ్యకండి.

పాతసర్వర్: తియ్యాలి. రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ (తప్పుతో చస్తేనే లేపు) చాలు. ఎగ్జిట్ కోడ్ జీరోతో, అంటే తప్పేమీ లేదని చెప్పి, బయటికొచ్చిందంటే పని అయిపోయినట్టే, దాన్ని మళ్ళీ లేపడం దేనికి?

గోదారి_అడ్మిన్: పాతసర్వర్ గారూ, ఎక్సెప్షన్ మింగేసి జీరోతో బయటపడే స్క్రిప్టులు కోకొల్లలు. ఎవరైనా ఉత్త కిల్ కొట్టినా సిగ్‌టర్మ్‌తో (మర్యాదగా ఆగమనే సిగ్నల్) పోతుంది. ఆన్-ఫెయిల్యూర్ దాన్ని మామూలు చావు కింద లెక్కేసి ఊరుకుంటుంది.

పాతసర్వర్: కిల్ కొట్టడమే తప్పు. ఆపాలంటే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఉంది.

ఇనిట్_ఇష్టుడు: సిస్టమ్‌డీ రాకముందు సర్వీసుల్ని లేపిన ఆ పాత షెల్ స్క్రిప్టుల రోజులే హాయి.

కెర్నల్_కిట్టు: బాబోయ్, ఆ గొడవ వద్దు. డెబియన్ 8 సిస్టమ్‌డీకి మారడంతో 2015లోనే తేలిపోయింది.

గోదారి_అడ్మిన్: తప్పో ఒప్పో, కొడతారు. ఆల్వేస్ ఉన్నా స్టాప్ కొడితే సర్వీస్ ఆగే ఉంటుంది, కాబట్టి మీకొచ్చిన నష్టమేమీ లేదు.

పాతసర్వర్: నష్టం లేదా? మెమరీ లీకయ్యే ప్రోగ్రాం తీసుకోండి. గంటకోసారి ఓఓఎం కిల్లర్ (మెమరీ నిండితే ప్రోగ్రాంని చంపే కెర్నల్ భాగం) చంపుతుంది, సిస్టమ్‌డీ లేపుతుంది. సగంలో ఉన్న జాబు గాల్లో కలుస్తుంది. పైకి మాత్రం ‘యాక్టివ్ రన్నింగ్’ అని పచ్చగా కనిపిస్తుంది.

కెర్నల్_కిట్టు: ఓఓఎం చంపేది సిగ్‌కిల్‌తో (బలవంతంగా చంపే సిగ్నల్), అది మామూలు చావు కింద రాదు. ఆన్-ఫెయిల్యూర్ కూడా లేపేస్తుంది సార్. ఈ ఉదాహరణ మీ వాదనకే ఎదురు.

పాతసర్వర్: అయితే రెండూ వద్దు! చచ్చిందాన్ని చచ్చినట్టే వదిలేయండి, అప్పుడే ఎవడో ఒకడు లాగ్ ఫైలు తెరుస్తాడు.

గోదారి_అడ్మిన్: ఎవడో ఒకడు కాదండీ. రాత్రి రెండింటికి ఫోనొచ్చేది నాకు. కోడ్ రాసినాయన హాయిగా నిద్రపోతాడు. మీరు చెప్పే క్రమశిక్షణకి మూల్యం నేను కడుతున్నాను.

పాతసర్వర్: ఇప్పటికి అసలు సంగతి బయటపడింది. ఆ ఫోను రాసినాయనకే వెళ్ళాలి. మీరు ఆల్వేస్‌తో కప్పెట్టినన్నాళ్ళూ వెళ్ళదు.

రాత్రిడ్యూటీ: ఆన్‌ఫెయిల్యూర్=లో (ఇది రీస్టార్ట్ విలువ కాదు, యూనిట్ ఫెయిలైతే ఇంకో యూనిట్‌ని లేపే వేరే లైను) మెయిల్ పంపే యూనిట్ పేరు ఇచ్చే ఉంచాను. రీస్టార్ట్‌సెక్=5 పెట్టి డేటాబేస్ ఆపి చూస్తే మెయిలే రాలేదు.

కెర్నల్_కిట్టు: రాదు. అది యూనిట్ ఫెయిల్డ్ స్థితికి చేరితేనే కదులుతుంది, రీస్టార్టులు నడుస్తున్నంతసేపూ చేరదు. అంటే గేటు ఉండాలి, కాస్త దూరంగా ఉండాలి. రీస్టార్ట్‌సెక్=15, స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=600 (గేటు లెక్కపెట్టే సెకన్లు), స్టార్ట్‌లిమిట్‌బర్స్ట్=20 (ఆలోపు ఎన్నిసార్లు లేపొచ్చో) పెట్టండి. మీ రెండు నిమిషాల విరామానికి ఎనిమిది తొమ్మిది ప్రయత్నాలే ఖర్చవుతాయి, డేటాబేస్ రాగానే వర్కర్ అందుకుంటుంది. ఐదు నిమిషాలైనా రాకపోతే ఇరవయ్యీ అయిపోయి ఫెయిల్డ్, అప్పుడు మెయిల్. లిమిట్ లైన్లు రెండూ యూనిట్ భాగంలో రాయాలి. సర్వీస్ భాగంలో రాస్తే ఇంటర్వల్‌సెక్‌ని ‘అన్‌నోన్ కీ’ అని జర్నల్లో (సిస్టమ్‌డీ లాగ్) ఒక్క ముక్క అనేసి పక్కన పెట్టేస్తుంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు.

గోదారి_అడ్మిన్: దీనికైతే ఒప్పుకుంటాను. ఆల్వేస్ మాత్రం ఉంటుంది.

పాతసర్వర్: గంటకోసారి చచ్చేది ఈ లెక్కకి చిక్కదు. పది నిమిషాల్లో ఒక్కసారి కూడా పూర్తిగా కాదు, ఇంక ఇరవై ఎక్కడ?

కెర్నల్_కిట్టు: చిక్కదు. దానికి సిస్టమ్‌సీటీఎల్ షో -పీ ఎన్‌రీస్టార్ట్స్ అని యూనిట్ పేరు ఇచ్చి చూడండి, తనంతట తాను ఎన్నిసార్లు లేపిందో అంకె చెబుతుంది. రోజుకోసారి టైమర్‌తో చూసి నిన్నటికంటే పెరిగితే మెయిల్ కొట్టించండి.

పాతసర్వర్: ఆ మెయిల్ ఎవరికి?

గోదారి_అడ్మిన్: రాసినాయనకి. రాత్రి రెండింటికే పంపుదాం.