యుద్ధం నడుస్తుండగా డిబేట్: మార్కులు దేనికి వేయాలి? (ఒబామా, హిల్లరీ, 2007)

పాతకాపు:
మొన్న శని, ఆదివారాలు ముసురు పట్టి వదల్లేదు. ఇంట్లో కూర్చుని 2007 జులై 23 నాటి డెమోక్రాట్ల ప్రైమరీ డిబేట్ (2008 ఎన్నికలకి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే పోటీలోది) మళ్లీ మొత్తం చూశాను. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో, సిటడెల్ అనే మిలటరీ కాలేజీలో జరిగింది. సీఎన్‌ఎన్, యూట్యూబ్ కలిసి పెట్టాయి. జనం పంపిన దాదాపు మూడు వేల వీడియోల్లోంచి కొన్ని ఏరి వాటినే ప్రశ్నలుగా వేశారు. వేదిక మీద ఎనిమిది మంది. అవతల ఇరాక్‌లో లక్షా అరవై వేల అమెరికా సైన్యం.

అప్పుడు నేను ఎడిసన్‌లో, హెచ్‌వన్‌బీ మీద. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్. ఓటు ఎవరికీ లేదు, వాదనకి మాత్రం లోటు లేదు. ఆ రాత్రి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పప్పు అడుగంటింది.

అడుగంటించిన ప్రశ్న ఇది: ఇరాన్, సిరియా, వెనెజులా, క్యూబా, ఉత్తర కొరియా నాయకుల్ని, ఏ ముందస్తు షరతూ లేకుండా, మీ మొదటి ఏడాదిలోనే కలుస్తారా? ఒబామా వెంటనే కలుస్తానన్నాడు. మాట్లాడకపోవడమే శిక్ష అనుకోవడం హాస్యాస్పదం అన్నాడు, కెన్నెడీ, రీగన్ సోవియట్లతో మాట్లాడలేదా అన్నాడు. హిల్లరీ మాత్రం మొదటి ఏడాదిలో కలుస్తానని మాటివ్వను అంది. ముందు రాయబారుల్ని పంపుతాను, వాళ్ల ప్రచారానికి నన్ను వాడుకోనివ్వను అంది. మర్నాడు ఒబామా జవాబు బాధ్యత లేనిది, అమాయకమైనది అని పేరు పెట్టింది.

నేను ఆ రోజు మార్కులు ఒబామాకి వేశాను. ఇప్పుడు చూస్తే ఆ రౌండ్ హిల్లరీదే అనిపిస్తోంది. యుద్ధం నడుస్తున్నప్పుడు అధ్యక్ష అభ్యర్థి నోటి మాటకి రేటు వేరు. చప్పట్ల కోసం అన్న మాటని టెహ్రాన్‌లో కూడా వింటారు. పైగా గెలిచాక ఒబామా మొదటి ఏడాదిలో ఏం చేశాడు? 2009 ఏప్రిల్‌లో ట్రినిడాడ్ సదస్సులో వెనెజులా అధ్యక్షుడు చావెజ్‌తో కరచాలనం చేశాడు. ఇరాన్ అధ్యక్షుడు రౌహానీతో మాట్లాడింది 2013లో, అదీ ఫోన్‌లో. క్యూబా వెళ్లింది 2016లో. అంటే చివరికి చేసింది హిల్లరీ చెప్పిన పద్ధతిలోనే కదా? మీరేమంటారు?

మిరపబజ్జి:
పాతకాపు గారూ, మీరు మార్కులు వేస్తున్నది జవాబుకా, నటనకా?

హిల్లరీ ఆ రాత్రి చాలా నిబ్బరంగా మాట్లాడింది, కాదనను. కానీ 2002 అక్టోబరులో సెనేట్ 77-23తో యుద్ధానికి అనుమతి ఇచ్చినప్పుడు ఆ 77లో ఆవిడ ఉంది. ఒబామా అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్. ఆ నెల 2న చికాగోలో సభలో నిలబడి, నేను అన్ని యుద్ధాలకీ వ్యతిరేకం కాదు, తెలివితక్కువ యుద్ధానికి వ్యతిరేకం అన్నాడు. చార్లెస్టన్ తర్వాత ఆవిడ 'అమాయకత్వం' అంటే ఈయన ఏమన్నాడో కూడా రాయాల్సింది మీరు: ఎలా బయటపడతామో అడక్కుండా యుద్ధానికి ఓటేయడమే బాధ్యతారాహిత్యం అన్నాడు.

ఇంకోటి. ఆ జూన్‌లో న్యూహాంప్‌షైర్ డిబేట్‌లో ఆవిణ్ని అడిగారు: ఓటేసే ముందు ఇరాక్ ఆయుధాల మీద గూఢచారి సంస్థల రహస్య నివేదిక చదివారా అని. నాకు అన్నీ వివరించి చెప్పారు అంది. 90కి పైగా పేజీలు, చదవలేదు. ఆ జవాబు ఎంత నిబ్బరంగా చెప్పిందో! పరీక్షకి పుస్తకం తెరవకుండా వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడని మార్కులు వేస్తామా?

లెక్కల మాస్టారు:
ముందు ఒక చిన్న దిద్దుబాటు. ప్రశ్న వేసిన కుర్రాడు వీడియోలో సాదత్ 1982లో ఇజ్రాయెల్ వెళ్లాడన్నాడు. వెళ్లింది 1977 నవంబరులో. 1981లోనే ఆయన్ని చంపేశారు. వేదిక మీద ఎనిమిది మందిలో ఒక్కరూ దిద్దలేదు. నేనైతే అక్కడే అందరికీ అర మార్కు కోసేవాణ్ని.

ఇక అసలు విషయం. మనవాళ్లకి ఇలాంటివి చూడటం కొత్త కాదు, అష్టావధానం చూసిన కళ్లు మనవి. కరిగిపోతున్న మంచుబొమ్మ గొంతుతో భూతాపం మీద ఒక ప్రశ్న వచ్చింది ఆ రోజు, అచ్చం అప్రస్తుత ప్రసంగం. కానీ యుద్ధకాలపు డిబేట్‌లో అసలు అంశం నిషిద్ధాక్షరి. కొన్ని మాటలు నోట రాకూడదు. 2007 ఫిబ్రవరిలో ఒబామా అయోవాలో మాట్లాడుతూ మూడు వేల పైచిలుకు సైనికుల ప్రాణాలు వృథా అయ్యాయని నోరు జారాడు. వెంటనే క్షమాపణ. అదే నెలాఖరున రిపబ్లికన్ సెనేటర్ మెకైన్ టీవీ షోలో అదే మాట అన్నాడు. వియత్నాంలో అయిదేళ్లకు పైగా బందీగా ఉన్న మనిషి! ఆయనా వెనక్కి తీసుకుని 'త్యాగం' అనాల్సింది అన్నాడు.

చార్లెస్టన్‌లో ఆ నిషిద్ధాన్ని తెలిసి తెలిసి దాటినవాడు ఒక్కడే, 77 ఏళ్ల మాజీ సెనేటర్ మైక్ గ్రావెల్. వియత్నాంలో మనవాళ్లు వృథాగానే చచ్చారు అన్నాడు. ఇప్పుడు హనోయ్ వెళ్తే బాస్కిన్ రాబిన్స్ ఐస్‌క్రీమ్ కొనుక్కోవచ్చు, మరి ఇంతమంది దేనికి చచ్చినట్టు అని అడిగాడు. అదే ప్రశ్న ఒబామా దగ్గరికి వస్తే, ఫిబ్రవరి పాఠం గుర్తుంది కాబట్టి, దేశం పంపిన పని చేసిన సైనికుడు వృథాగా చనిపోడు అన్నాడు. పద్యం చక్కగా నడిచింది. నిజం ఎవరి దగ్గర ఉందో మీరే చెప్పండి.

గోదారిగట్టు:
మాస్టారూ, అవధానం దాకా వచ్చారు కాబట్టి భారతం కూడా లాగుతాను. నా ఓటు హిల్లరీకే. ముందు ద్రుపదుడి పురోహితుడు హస్తినకి వెళ్లాడు. తర్వాత సంజయుడు ఇటు వచ్చాడు. ఆ ఇద్దరి రాకపోకలయ్యాకే కృష్ణుడు బయల్దేరాడు. పెద్దమనిషి నేరుగా గుమ్మం ఎక్కితే ఇక మిగిలేదేముంది? కూర్చుని మాట్లాడటం కూడా బేరంలో ఒక ముక్క. ముందే పడేస్తే ఆట అయిపోయినట్టే.

మిరపబజ్జి:
గోదారిగట్టు గారూ, అన్ని రాయబారాలూ వరసగా నడిచాక జరిగిందేంటో కూడా చెప్పండి మరి. పద్దెనిమిది అక్షౌహిణులు.

గోదారిగట్టు:
హహ. అది దుర్యోధనుడి తప్పు, వరస తప్పు కాదు.

పోనీ ఇది చెప్పండి. 2018 జూన్‌లో ట్రంప్ సింగపూర్ వెళ్లి ఉత్తర కొరియా కిమ్‌ని నేరుగా కలిశాడు. ఒబామా మాటకి అమాయకత్వం అన్నవాళ్లలో చాలామంది దానికి చప్పట్లు కొట్టారు. ఒబామా మాటని మెచ్చినవాళ్లు అప్పుడు ప్రమాదం అన్నారు. అంటే మనం జవాబుకి కాదు, మనిషికి వేస్తున్నాం మార్కులు. నన్నూ కలుపుకుని.

విండీసిటీ వదిన:
మగవాళ్లంతా కలిసి రాయబారాల మీద పడ్డారు. నేను వేరే డిబేట్ గురించి రాస్తాను, జూన్ 3ది. మిరపబజ్జి చెప్పిన న్యూహాంప్‌షైర్‌ది, సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో.

అప్పుడు నా పక్క క్యూబికల్‌లో ఒకావిడ ఉండేది. ఒక్కడే కొడుకు, ఆర్మీలో, ఇరాక్‌లో. కారు వెనక పసుపు రిబ్బన్ మాగ్నెట్. ఆవిడ టేబుల్ మీద ఒక మామూలు గోడ క్యాలెండర్ పడుకోబెట్టి ఉండేది, గడిచిన రోజుల మీద పెన్సిల్‌తో అడ్డగీత. పెన్నుతో కాదు, పెన్సిల్‌తో. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. 2007 ఏప్రిల్‌లో డిఫెన్స్ సెక్రటరీ గేట్స్ ప్రకటించాడు, ఆర్మీ వాళ్ల డ్యూటీ 12 నెలలు కాదు, 15 అని. మర్నాడు ఆవిడ వచ్చే ఏడాది క్యాలెండర్ ప్రింట్ తీసి, మూడు నెలల కాగితాలు కత్తిరించి, కిందకి టేప్ వేసి అతికించింది. ప్రింటర్ దగ్గర నేనే ఉన్నాను. కాగితం అందించాను, అంతే.

మే 24న యుద్ధ ఖర్చుల బిల్లు సెనేట్‌కి వచ్చింది. 80-14తో పాసైంది. హిల్లరీ, ఒబామా, డాడ్ వద్దని ఓటేశారు. పోటీలో ఉన్న సెనేటర్లలో అవునన్నది బైడెన్ ఒక్కడే. డిబేట్‌లో దాని మీదే గొడవ. పోటీలో ఉన్న మాజీ సెనేటర్ ఎడ్వర్డ్స్ హిల్లరీ, ఒబామాలని, ఓటేశారు గానీ నోరు విప్పి ముందు నిలబడలేదు అని దెప్పాడు. ఒబామా, ఈ విషయంలో నాయకత్వానికి మీరు నాలుగున్నరేళ్లు లేటు అని తిప్పికొట్టాడు. 2002లో ఎడ్వర్డ్స్ కూడా యుద్ధానికే ఓటేశాడు కదా, అది. మర్నాడు టీవీలన్నీ ఆ మాటే తిప్పి తిప్పి వేశాయి. మంచి దెబ్బే, నేనూ నవ్వాను.

బైడెన్ చెప్పింది వేరు. ఆ డబ్బులో కింద వీ ఆకారం ఉండే బండ్లకి డబ్బుంది, రోడ్డు పక్క బాంబులకే ఎక్కువమంది పోతున్నారు, ఆ బండ్లు వాళ్లని బతికిస్తాయి, అందుకే ఓటేశాను అన్నాడు. హంవీ, అంటే ఆర్మీ జీపు, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, కింద పేలితే దెబ్బంతా నేరుగా పైకి, లోపలున్నవాళ్లకి. వీ ఆకారం అయితే పేలుడు అటూ ఇటూ చెదిరిపోతుంది. ఇదంతా నాకు టీవీ చెప్పలేదు, ఆవిడ చెప్పింది. మర్నాడు లంచ్‌లో రెండు అరచేతులు దోనెలా కలిపి చూపించింది. వాడు ఇంకా హంవీలోనే తిరుగుతున్నాడు అంది.

నిన్న ఎవరు గెలిచారు అని అడిగాను. బుద్ధి లేక అడిగాను. బండి గురించి మాట్లాడినవాడు అంది.

పాతకాపు గారూ, ఆ మనిషికి, బైడెన్‌కి, మొట్టమొదట ఓటింగ్ జరిగిన అయోవాలో ఒక శాతం కూడా రాలేదు. ఆ రాత్రే తప్పుకున్నాడు.

పాతకాపు:
వదిన గారూ, నేను ఆ జూన్ డిబేట్ కూడా అప్పట్లో చూశాను. బండ్ల మాట వినే ఉంటాను. గుర్తే లేదు! నాలుగున్నరేళ్ల లేటు మాట మాత్రం ఇన్నేళ్లయినా నోటికొస్తోంది.

అయినా ఒకటి అంటాను, ఏమనుకోవద్దు. ఆవిడ మార్కులు ఆవిడవి, వాటిని నేను దిద్దను. కానీ అధ్యక్షుడి పని బండ్లు పంపడమే కాదు, అసలు కుర్రాణ్ని అక్కడికి పంపాలా వద్దా అన్నది ముందు. 2002లో ఆ 77లో బైడెన్ కూడా ఉన్నాడు. బండి గురించి ఇంత తెలిసిన మనిషి బండి ఎక్కించే కాగితం మీదా ఓటేశాడు. మిరపబజ్జి వాదన ప్రకారం చూస్తే ఈయనకీ సున్నానే.

చార్లెస్టన్‌లో నేను మళ్లీ చూసి ఆగిపోయిన చోటు కూడా బైడెన్‌దే. మిగతావాళ్లు సైన్యాన్ని ఎప్పుడు వెనక్కి తెస్తారో నెలల్లో చెబుతుంటే, ఈయన ఇవాళ మొదలుపెట్టినా లక్షా అరవై వేల మందిని బయటికి తేవడానికే ఏడాది పడుతుంది, ఇకనైనా నిజం చెప్పండి అన్నాడు. రెండు నెలలకి, సెప్టెంబర్ 26న డార్ట్‌మౌత్ కాలేజీ డిబేట్‌లో టీవీ జర్నలిస్టు టిమ్ రసర్ట్ సూటిగా అడిగాడు: 2013 జనవరికల్లా మొత్తం సైన్యం వెనక్కి వస్తుందని మాటిస్తారా? ముందున్న ముగ్గురూ, హిల్లరీ, ఒబామా, ఎడ్వర్డ్స్, ఇవ్వలేమన్నారు. యుద్ధం వద్దన్న ఒబామా కూడా. చివరికి 2011 డిసెంబరులో వచ్చేశారు, అదీ 2008లో బుష్ ప్రభుత్వం ఇరాక్‌తో కుదుర్చుకున్న గడువుకి. 2014లో మళ్లీ వెళ్లారు.

కాబట్టి చార్లెస్టన్ రౌండ్ మీద నా మాట మార్చుకోను. హిల్లరీదే. మొత్తం ఏడాది ఎవరిది అంటే ఇప్పుడు నాకు టెన్షన్‌గా ఉంది.

లెక్కల మాస్టారు:
రిపబ్లికన్ల వైపు కూడా ఒకటి కలపాలి, లేకపోతే ఏకపక్షం. 2007 మే 15, కొలంబియా, అదే సౌత్ కరోలినా, వాళ్ల డిబేట్. అభ్యర్థుల్లో ఒకడైన రాన్ పాల్ అన్నాడు, మనం పదేళ్లుగా ఇరాక్ మీద బాంబులేస్తున్నాం, అందుకే మన మీదకి వచ్చారు అని. ఇంకో అభ్యర్థి జూలియానీ, 2001 సెప్టెంబర్ 11 దాడుల నాడు న్యూయార్క్ మేయర్, మాట మధ్యలో దూరి, అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు, వెనక్కి తీసుకో అన్నాడు. హాలు దద్దరిల్లింది. ఆ క్షణానికి మార్కులేస్తే నూటికి నూరు జూలియానీకే. జనవరి నెలాఖరుకి ఫ్లోరిడా ప్రైమరీలో ఓడి ఇంటికెళ్లాడు. పాల్ మాట మీద జనం ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు.

మిరపబజ్జి:
పాతకాపు గారు బైడెన్‌కి సున్నా వేయమంటున్నారు, నేను వేయను. వదిన గారి పోస్ట్ చదివాక కుదరదు. మార్చుకున్నానని మాత్రం రాసుకోకండి, 2002 ఓటు 2002 ఓటే.

వదిన గారూ, ఒక్క మాట అడగొచ్చా? ఆ అబ్బాయి వచ్చాడా?

విండీసిటీ వదిన:
వచ్చాడు. 2008 వేసవిలో. అతికించిన మూడు కాగితాలు కూడా అయిపోయాక ఇంకో మూడు వారాలు పట్టింది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, పిలిస్తే కుడివైపు నించుని పిలవాలి. పెళ్లికి మేమూ వెళ్లాం.