ఈవెంట్ కెమెరాని తెలుగులో ఏమందాం?

నిన్న గ్రూపులో ఈవెంట్ కెమెరాకి తెలుగు మాట అడిగితే ఒకరు 'సంఘటన కెమెరా' అన్నారు, ఇంకొకరు 'కదలిక కెమెరా' అన్నారు. నాకు రెండూ కుదరలేదండీ. పోనీ ఈవెంట్ అనే ఉంచేద్దామంటే, గవర్నర్‌పేటలో మాకు తెలిసిన ఫోటో స్టూడియో అన్నయ్యతో ఆ మాట అనగానే "పెళ్లికా, ఓణీల ఫంక్షన్‌కా?" అని అడిగాడు. బెజవాడలో ఈవెంట్ అంటే అదే మరి. సంఘటన అంటేనేమో పేపర్లో రాసే 'సంఘటనా స్థలం' గుర్తొస్తుంది, ఏదో ప్రమాదం జరిగినట్టు.

అసలు అది చేసే పని చూడండి. మామూలు వీడియో కెమెరా సెకనుకి పాతికో ముప్పయ్యో పూర్తి బొమ్మలు తీస్తుంది. ఇందులో ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే కాపలా కాస్తూ, తన మీద పడే వెలుగు ఒక హద్దు దాటి పెరిగినా తగ్గినా వెంటనే ఎక్కడ, ఎప్పుడు, పెరిగిందా తగ్గిందా అని కబురు పంపుతుంది, అదీ మైక్రోసెకన్ల లెక్కలో. వెలుగు మారకపోతే కబురు లేదు. ఆ కబురునే ఇంగ్లీషులో ఈవెంట్ అంటారు.

అందుకే కదలిక అనకూడదంటున్నాను. గాలి లేని పొద్దున బ్యారేజీ మీద నిలబడి ఎగువకి చూస్తే కృష్ణ అద్దంలా ఉంటుంది, నీళ్లు కదులుతూనే ఉన్నా వెలుగు మారదు కాబట్టి ఈ కెమెరాకి అక్కడ చెప్పడానికేమీ ఉండదు. గేట్ల కింద నురగ దగ్గర మాత్రం కబుర్లే కబుర్లు. అదే ఇంట్లో గోడ మీద పాత చోక్ ట్యూబ్‌లైటు వెలుగు పడుతోందనుకోండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చి తగ్గుతుంది, దాంతో ఏదీ కదలకపోయినా కబుర్లు వస్తూనే ఉంటాయి.

కదలికని లెక్కగట్టేది ఆ తర్వాత వచ్చే ఫిల్టర్లు, అంటే ఆ కబుర్లలోంచి కావలసినదాన్ని వడగట్టే లెక్కలు. పెంకుపురుగు చూపుని పరీక్షించి 1956లో హాసెన్‌స్టైన్, రైఖార్ట్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయం నాకు చాలా ఇష్టం: ఒక చోట అందిన సంకేతాన్ని కాస్త ఆలస్యం చేసి పక్క చోటి సంకేతంతో కలిపి చూడటం. రెండూ ఒకేసారి అందితే ఏదో ఇటు నుంచి అటు పోయినట్టు. ఇలా ఒక్కో దిక్కుకి ఒక్కో ఫిల్టర్.

కాబట్టి 'మార్పు కెమెరా' అందాం. అది పంపే ఒక్కో కబురు ఒక 'మార్పు', అందులో 'హెచ్చు మార్పు', 'తగ్గు మార్పు' అని రెండు రకాలు. ఫిల్టర్‌ని మాత్రం ఫిల్టర్ అనే ఉంచండి, కాఫీకీ మంచినీళ్లకీ ఇంటింటా ఉన్న మాటే అది.