అబుధాబి డైలాగ్‌లో మన తరఫున కుర్చీ ఎవరిది?

జగిత్యాల కార్పెంటర్:
అందరికీ నమస్తే. దుబాయ్‌లో పదకొండేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గా చేసి, 2020లో కరోనా టైంలో ఇంటికొచ్చాను. కంపెనీ మూడు నెలల జీతం ఎగ్గొట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో మన కేంద్రం గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల కనీస జీతాన్ని (మినిమం రెఫరల్ వేజ్ అంటారు) తగ్గించింది. యూఏఈకి నెలకు 200 డాలర్లు. మా క్యాంపులో ఊడ్చే పిల్లవాడికి కూడా అంతకంటే ఎక్కువే వచ్చేది. దాని మీద తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, చివరికి 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు.

నా డౌట్ ఏంటంటే, ఇలాంటివి తేల్చే ముందే మమ్మల్ని అడిగే పద్ధతి ఎక్కడైనా ఉందా? పనివాళ్లను పంపే దేశాలూ తీసుకునే దేశాలూ 2008 నుంచి అబుధాబి డైలాగ్ పేరుతో కూర్చుంటున్నాయట కదా. అక్కడ మా తరఫున ఎవరు?

కోరుట్ల కుర్రోడు:
సభ్యులు ప్రభుత్వాలే అన్నా. పైగా అక్కడ అనుకున్నది ఎవరూ కచ్చితంగా పాటించాలని లేదు. ఫొటో దిగి వస్తారు.

రిటైర్డ్ ఫిట్టర్:
తమ్ముడూ, ఒక ప్రభుత్వ రంగ కంపెనీలో ముప్పై ఏళ్లు యూనియన్ పని చేసినవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను.

నువ్వు అడిగే పద్ధతి ఉంది, దక్షిణ అమెరికాలో. బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే కలిసి 1991లో మెర్కోసూర్ అనే వాణిజ్య కూటమి పెట్టుకున్నాయి. 1994 నాటి ఔరో ప్రెటో ఒప్పందంలోనే యజమానులకూ కార్మికులకూ ఒక సలహా వేదిక రాశారు. 1998లో కార్మిక హక్కుల ప్రకటన, దాన్ని చూసుకోవడానికి ప్రభుత్వం, యజమాని, యూనియన్ ముగ్గురూ ఉండే కమిషన్ వచ్చాయి. నాకు వాటికంటే నచ్చింది ఆ దేశాల సోషల్ సెక్యూరిటీ ఒప్పందం. 2005 నుంచి అమల్లో ఉంది. ఒకడు అర్జెంటీనాలో ఎనిమిదేళ్లు, ఉరుగ్వేలో పన్నెండేళ్లు చేస్తే పెన్షన్ అర్హతకు రెండూ కలుపుతారు. నీ పదకొండేళ్లు ఎవరి ఖాతాలో ఉన్నాయి చెప్పు?

అయితే కుర్చీ వేసినంత మాత్రాన పని కాదు. మా కంపెనీలో జాయింట్ కమిటీ ఉండేది. అజెండా కాగితం మా చేతికి టీ కప్పుతో పాటే వచ్చేది, చదివేలోపు సంతకాల రిజిస్టర్ మన దాకా తిరిగొచ్చేది. యూరప్‌లోనూ రెండు రకాలూ జరిగాయి. 1995లో యూనియన్లు, యజమానుల సంఘాలు కూర్చుని తల్లికీ తండ్రికీ చెరో మూడు నెలల సెలవని రాసుకుంటే, మరుసటి ఏడాది అదే యూరప్ చట్టమైంది. తర్వాత 2015లో ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్లు ఇంకో ఒప్పందం చేసుకుంటే, చట్టం చేయమని యూరోపియన్ కమిషన్ పైకి పంపనే లేదు. పంపాల్సిన పని లేదని 2021లో కోర్టు కూడా చెప్పింది.

పసిఫిక్ సముద్రం చుట్టూ ఉన్న దేశాల ఆర్థిక వేదిక ఎపెక్‌లో వ్యాపారులకు 1995 నుంచి సొంత సలహా మండలి ఉంది, ఒక్కో సభ్య దేశం నుంచి ముగ్గురు. కార్మికులకు అలాంటిది లేదు. డబ్బున్నవాడికి కుర్చీ ఎప్పుడూ ముందే వేసి ఉంటుంది.

మనామా ఏసీ మెకానిక్:
ఫిట్టర్ గారూ, ఇంకో చిక్కు ఉంది. బహ్రెయిన్‌లో 2002 చట్టంతో యూనియన్లు వచ్చాయి, మనలాంటివాళ్లూ చేరవచ్చు. కువైట్‌లో, ఒమన్‌లో కూడా యూనియన్లు ఉన్నాయి. యూఏఈలో అసలు యూనియన్ పెట్టుకోనివ్వరు. అక్కడి కార్మికుడి కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారు? ఇక కాగితాలు లేక ఖల్లివెల్లి అయినవాళ్ల మాట ఎవరెత్తుతారు?

రిటైర్డ్ ఫిట్టర్:
నిజమే. అందుకే ముందు మన వైపు నుంచి మొదలెట్టాలి అంటాను. మన బృందంలో ఒక గల్ఫ్ కార్మికుణ్ని పెట్టడానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు కదా. అజెండా కాగితాలు మాత్రం పదిహేను రోజుల ముందు అడగండి.

జగిత్యాల కార్పెంటర్:
థ్యాంక్స్ పెద్దాయనా. ఆదివారం మా వాపస్ వచ్చినవాళ్ల మీటింగ్ ఉంది, పెన్షన్ కలిపే ముచ్చట అక్కడ ఎత్తుతా. మా బామ్మర్దికి ఇప్పుడే చెప్పాను, ఉరుగ్వే అంటే ఫుట్‌బాల్ టీమ్ కదా, వాళ్లకు పెన్షన్ ఎందుకు అంటున్నాడు.